అంతర్జాల మూలాల ఉదహరింపు

అంతర్జాల మూలాల ఉదహరింపు అనగా పరిశోధనా వ్యాసం, సిద్ధాంత గ్రంథం, ప్రాజెక్టు రిపోర్టు వంటి విద్యావిషయక రచనలలో వెబ్ పేజీలు, ఆన్‌లైన్ పత్రికలు, డేటాబేసులు మొదలైన వాటినుండి గ్రహించిన సమాచారానికి మూలాన్ని ఒక నిర్దిష్ట పద్ధతిలో తెలియజేయడం. రచయిత చూసిన సమాచారాన్నే పాఠకుడు కూడా చూసి సరిపోల్చుకోగలగడం దీని ముఖ్య ప్రయోజనం. అచ్చు పుస్తకం ఒకసారి వెలువడిన తరువాత మారదు. వెబ్ పేజీ అదే చిరునామాలో ఉంటూనే మారిపోవచ్చు, లేదా పూర్తిగా అదృశ్యం కావచ్చు. అందువలన కేవలం లింకు ఇచ్చినంత మాత్రాన మూలాన్ని ఉదహరించినట్లు కాదు.

స్థానిక నేపథ్యం

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో వేర్వేరు శాస్త్రాలకు చెందిన విద్యాసంస్థలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉన్నది. బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం 2008లో జవహర్‌నగర్‌లో ప్రారంభమైనది. మెడిసిటీ వైద్య కళాశాల మేడ్చల్ మండలంలోని ఘనపూర్‌లో కలదు. న్యాయ, ఇంజనీరింగు, వైద్య శాస్త్రాలలో ఉదహరింపు శైలులు వేరువేరు. అయినప్పటికీ ఈ మూడింటిలోనూ వెబ్ మూలం విషయంలో ఎదురయ్యే సమస్య ఒక్కటే.

ఆ సమస్యకు ఈ ప్రాంతమే మంచి ఉదాహరణ. 2011 జనగణన నాటికి శామీర్‌పేట మండలం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ మండలం కొత్తగా ఏర్పడిన మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలో చేరినది. అంతవరకు శామీర్‌పేట మండలంలో భాగంగా ఉన్న జవహర్‌నగర్ కాప్రా మండలంలోకి వెళ్ళినది. కనుక "శామీర్‌పేట మండలం" అనే ఒకే పేరుగల వెబ్ పేజీని 2012లో, 2015లో, 2017లో చూసిన ముగ్గురు విద్యార్థులకు మూడు వేర్వేరు వివరాలు కనిపించే అవకాశం ఉన్నది. ముగ్గురూ సరిగానే వ్రాసి ఉండవచ్చు. కాని చూసిన తేదీ ఇవ్వకపోతే తరువాత చదివేవారికి ఇద్దరు తప్పు వ్రాసినట్లు తోచును. అంతేకాక 2011 నాటి మండల జనాభాను పునర్వ్యవస్థీకరణ తరువాతి మండల జనాభాతో నేరుగా పోల్చితే లెక్క తప్పుతుంది. ఎందుకనగా పేరు ఒక్కటే అయినా సరిహద్దులు వేరు. ఉదహరింపులో సంవత్సరం, మూలం పేరు స్పష్టంగా ఉంటే ఈ పొరపాటును పాఠకుడు పట్టుకోగలడు.

ఉండవలసిన అంశాలు

శైలి ఏదైనప్పటికీ సాధారణంగా ఈ క్రింది వివరాలు అవసరం:

* రచయిత పేరు. వ్యక్తి పేరు లేనిచో ప్రచురించిన సంస్థ పేరు.
* పేజీ లేదా వ్యాసం శీర్షిక.
* వెబ్‌సైటు లేదా పత్రిక పేరు.
* ప్రచురణ తేదీ లేదా చివరిసారి మార్చిన తేదీ. లేనిచో "తేదీ లేదు" అని తెలపాలి.
* పూర్తి వెబ్ చిరునామా. వెబ్‌సైటు మొదటి పేజీ చిరునామా ఇస్తే సరిపోదు.
* రచయిత ఆ పేజీని చూసిన తేదీ.

ఉదాహరణకు 2011 జనగణన వివరాలను వాడిన విద్యార్థి "డైరెక్టరేట్ ఆఫ్ సెన్సస్ ఆపరేషన్స్, ఆంధ్ర ప్రదేశ్. జిల్లా జనగణన కరదీపిక: రంగారెడ్డి. భారత జనగణన 2011" అని వ్రాసి, ఆపైన వెబ్ చిరునామా, చూసిన తేదీ చేర్చాలి. జిల్లా పేరు మారినదని మూలం శీర్షికను "మేడ్చల్ మల్కాజ్‌గిరి" అని సవరించరాదు. మూలంలో ఉన్న పేరును ఉన్నట్లే ఉంచి, మార్పును వ్యాసంలో వివరించాలి. శామీర్‌పేట, శామీర్‌పేట్, షామీర్‌పేట వంటి వర్ణక్రమ భేదాలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

వివిధ శైలులు

న్యాయశాస్త్రంలో బ్లూబుక్, ఓస్కోలా పద్ధతులు ప్రసిద్ధమైనవి. వీటిలో మూలాలను పాదసూచికలలో ఇస్తారు. ఇంజనీరింగులో వాడే ఐట్రిపుల్ఈ శైలిలో చదరపు కుండలీకరణాలలో వరుస సంఖ్య వేసి, చివర మూలాల జాబితా ఇస్తారు. వైద్యశాస్త్రంలో వాంకోవర్ శైలి కూడా సంఖ్యలపైనే ఆధారపడినది. సాంఘిక శాస్త్రాలలో ఏపీఏ, సాహిత్యంలో ఎంఎల్ఏ శైలులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. 2019లో వెలువడిన ఏపీఏ 7వ కూర్పు ప్రకారం, తరచుగా మారే స్వభావం గల పేజీలకు మాత్రమే చూసిన తేదీ అవసరం.

న్యాయస్థానాల తీర్పులకు భారతదేశంలో 2023 నుండి ఒక సౌకర్యం ఏర్పడినది. సుప్రీం కోర్టు తన తీర్పులకు ఏ ప్రచురణ సంస్థతోనూ సంబంధం లేని తటస్థ ఉదహరింపు సంఖ్యను ఇవ్వడం ప్రారంభించినది. ఇందులో సంవత్సరం, న్యాయస్థానం సంకేతం, వరుస సంఖ్య ఉంటాయి. వెబ్‌సైటు చిరునామా మారినా ఈ సంఖ్యతో తీర్పును గుర్తించవచ్చు.

లింకులు చెడిపోవడం

2014లో ప్రచురితమైన హార్వర్డ్ లా స్కూలు పరిశోధకుల అధ్యయనం ప్రకారం, అమెరికా సుప్రీం కోర్టు తీర్పులలో ఉదహరించిన లింకులలో దాదాపు సగం, మొదట ఉద్దేశించిన సమాచారాన్ని చూపడం లేదు. దీనికి కొన్ని నివారణ మార్గాలు ఉన్నాయి:

* డీఓఐ: పరిశోధనా వ్యాసాలకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. ఇది 10తో మొదలవుతుంది. ఉన్నచో సాధారణ లింకుకు బదులు దీనినే ఇవ్వడం మేలు.
* భద్రపరచిన ప్రతి: ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పేజీని భద్రపరచి, ఆ ప్రతి లింకును కూడా చేర్చవచ్చు. న్యాయ రచనలకోసం హార్వర్డ్ న్యాయ గ్రంథాలయం 2013లో పర్మా.సీసీ సేవను ప్రారంభించినది.
* శోధ్‌గంగ: భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల భాండాగారం. దీనిని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహిస్తున్నది.

గ్రంథచౌర్యం, నియమాలు

మూలం చెప్పకుండా ఇతరుల రచనను వాడుకోవడం గ్రంథచౌర్యం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో జారీ చేసిన నిబంధనల ప్రకారం, సిద్ధాంత గ్రంథంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉన్నచో శిక్ష లేదు. 10 నుండి 40 శాతం వరకు ఉన్నచో నిర్ణీత గడువులో సవరించి మరల సమర్పించాలి. 40 నుండి 60 శాతం వరకు ఉన్నచో ఒక సంవత్సరం పాటు సమర్పించే అవకాశం ఉండదు. 60 శాతం దాటినచో నమోదు రద్దవుతుంది. మూలాన్ని పేర్కొని కొటేషన్ రూపంలో ఇచ్చిన భాగాన్ని, మూలాల జాబితాను ఈ లెక్కలో చేర్చరు.

విజ్ఞాన సర్వస్వాల వాడుక

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటి విజ్ఞాన సర్వస్వాలను ఎవరైనా మార్చవచ్చు. కనుక వాటిని ఉదహరించేటప్పుడు "శాశ్వత లింకు" ద్వారా తాము చూసిన కూర్పునే సూచించాలి. అయితే పరిశోధనకు ఇవి ఆరంభ స్థానం మాత్రమే. వ్యాసం చివర ఇచ్చిన మూలాన్ని తెరచి, స్వయంగా చదివి, దానిని ఉదహరించడం సరైన పద్ధతి. తాను చదవని మూలాన్ని చదివినట్లుగా చూపరాదు.