ఖాళీ లారీ యేల యెగిరిపడును?

నిండు బరువుతో నిదానముగా సాగిపోవు లారీయే, సరకు దింపుకొని మరలివచ్చునప్పుడు, చిన్న గుంతకే యెగిరిపడి లోనివారి నడుములను నొప్పింపనేల?

ఇరుసునకును చట్రమునకును నడుమ, క్రమముగా పొడవు తగ్గుచు, ఒకదానితో నొకటి చేర్చి బిగించిన ఉక్కు పట్టీల సముదాయమే కమాను కట్ట; ఇదియు నొక స్ప్రింగే. స్ప్రింగు వంగుట దానిపై బడు బలమునకు అనులోమానుపాతమున నుండునని శాస్త్రజ్ఞుడైన రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. కావున 10 టన్నుల భారమునకై బిగువుగా నిర్మితమైన కట్ట, 2 టన్నులకు అందులో అయిదవ వంతు మాత్రమే వంగును. అంతేగాక, పట్టీల నడుమ గల ఘర్షణ చిన్న కుదుపులకు వాటిని కదలనీయదు గనుక, ఆ కుదుపు తిన్నగా ఆసనమును చేరును.

దీనికి ఉపాయమేమి? ప్రధానమైన కట్టను కొంత మెత్తనిదిగా నుంచి, భారము మిక్కుటమై అది క్రుంగినప్పుడు మాత్రమే పనిచేయునట్లు, పైన వేరొక సహాయక కట్టను అమర్చుట యొక మార్గము. ఇరుసుపై రబ్బరు గాలితిత్తి నుంచుట మరియొకటి. నొక్కినకొలది బిగుసుకొనుట గాలికి స్వభావము గనుక, బరువును బట్టి దానిని నింపియు తగ్గించియు బిగువును మార్చుకొనవచ్చును. ఐనను, స్ప్రింగు తాను గ్రహించిన శక్తిని మరల విడుచుటచే బండి ఊగుచునే యుండును. ఆ యూపు నణచుటకు షాక్ అబ్సార్బరు వలయును. అందలి పిస్టను సన్నని రంధ్రముల గుండ నూనెను త్రోయగా, ఊపులోని శక్తి వేడిమిగా మారిపోవును.

బాలలారా, ఒక్కటి మరువకుడు: ఇవి ప్రయాణసుఖమును పెంచునే గాని, ఇరుసును చక్రములును మోయదగిన భారపరిమితిని పెంచజాలవు.