అమెరికాలో ‘ఫ్రీ’ ఫోన్ తీసుకుంటున్నారా? ఆ 36 నెలల మెలిక ముందే తెలుసుకోండి!

ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎటు చూసినా అమెరికా వెళ్లే స్టూడెంట్సే. అక్కడ దిగగానే అందరికీ కావాల్సింది సిమ్. దాని కోసం స్టోర్‌కి వెళ్తే ముందు కనిపించేది ‘కొత్త ఫోన్ ఫ్రీ’ అనే బోర్డు. మనకు ఇక్కడ రీచార్జ్ అలవాటు. నచ్చకపోతే వచ్చే నెల ఇంకో కంపెనీ. అక్కడి పోస్ట్‌పెయిడ్ లెక్క మాత్రం వేరు.

ఒకప్పుడు అమెరికాలో రెండేళ్ల కాంట్రాక్ట్ ఉండేది. మధ్యలో మానేస్తే ఫైన్ కట్టాలి. వెరిజాన్‌లో స్మార్ట్‌ఫోన్‌కి ఇది 350 డాలర్ల వరకూ ఉండేది. 2013లో టీ-మొబైల్ ఈ పద్ధతికి గుడ్‌బై చెప్పింది. మిగతా కంపెనీలూ తర్వాత అదే బాట పట్టాయి. మరి కాంట్రాక్ట్ పోయినట్టేనా? పేరు పోయింది అంతే. ఇప్పుడు అది ఫోన్ ఈఎంఐ రూపంలో ఉంది.

ఎలాగంటే.. 800 డాలర్ల ఫోన్‌ని 36 నెలలకు విడగొడితే నెలకు సుమారు 22 డాలర్లు. ఆ 22 డాలర్లనూ కంపెనీయే ప్రతి నెలా బిల్లులో క్రెడిట్‌గా తగ్గిస్తుంది. అందుకే ఫ్రీ అంటారు. కానీ 20 నెలల తర్వాత కంపెనీ మారితే క్రెడిట్లు ఆగిపోతాయి. మిగిలిన 16 నెలల సొమ్ము, అంటే దాదాపు 355 డాలర్లు, మీరే కట్టాలి. మాస్టర్స్ కోర్సు సాధారణంగా రెండేళ్లు. ఫోన్ బాకీ మూడేళ్లు! ఉద్యోగం దొరక్క ఇండియా తిరిగొచ్చేయాల్సి వస్తే? పైగా ఈఎంఐ తీరేదాకా చాలా ఫోన్లు లాక్ అయ్యే ఉంటాయి, మన సిమ్ వేసినా పనిచేయదు.

ఇంకో సంగతి. ఈ ఆఫర్లు చాలావరకు ఖరీదైన అన్‌లిమిటెడ్ ప్లాన్‌లకే. ఉదాహరణకు ఆ ప్లాన్ 80 డాలర్లు, ప్రీపెయిడ్ 30 డాలర్లు అనుకుందాం. నెలకు 50 తేడా, 36 నెలలకు 1,800 డాలర్లు. ఆ డబ్బుతో అలాంటి ఫోన్లు రెండు కొనుక్కోవచ్చు.

అలాగని పోస్ట్‌పెయిడ్ పూర్తిగా దండగ కాదు. నెట్‌వర్క్ రద్దీగా ఉన్నప్పుడు డేటాలో ప్రాధాన్యం సాధారణంగా ఖరీదైన పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌లకే దక్కుతుంది. లైన్లు పెరిగేకొద్దీ ఒక్కో లైన్ ఖర్చూ తగ్గుతుంది. ఉద్యోగం వచ్చి, కుటుంబంతో అక్కడే స్థిరపడినవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది.

మనవాళ్లు రూమ్‌మేట్స్ నలుగురూ కలిసి ఫ్యామిలీ ప్లాన్ తీసుకోవడం మామూలే. చవకే గానీ బిల్లు ఒక్కరి పేరు మీదే ఉంటుంది. ఒకరు ఫోన్ తీసుకుని, ఉద్యోగం వచ్చి ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోయి, డబ్బులు పంపకపోతే అకౌంట్ ఓనరే కట్టాలి. కట్టకపోతే దెబ్బతినేది కూడా ఆ ఓనర్ క్రెడిట్ స్కోరే. రేపు కారు లోన్‌కో, అపార్ట్‌మెంట్‌కో వెళ్లినప్పుడు అది బయటపడుతుంది. స్నేహం ఎంతున్నా వేరేవాళ్ల ఫోన్ ఈఎంఐ మాత్రం మీ అకౌంట్‌లో పెట్టించుకోకండి.

కొత్తగా వెళ్లినవాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబర్, క్రెడిట్ హిస్టరీ ఉండవు. పోస్ట్‌పెయిడ్‌కి డిపాజిట్ అడగొచ్చు. ప్రీపెయిడ్‌కి ఈ గొడవ లేదు. ఇక్కడి నుంచి అన్‌లాక్డ్ ఫోన్ తీసుకెళ్లి.. మింట్, విజిబుల్, క్రికెట్ లాంటి చవక కంపెనీల సిమ్ వేసుకుంటే మొదటి ఏడాది గడిచిపోతుంది. ఇవి నడిచేదీ పెద్ద కంపెనీల టవర్ల మీదే. మింట్‌లో మాత్రం 3, 6 లేదా 12 నెలల డబ్బు ఒకేసారి కట్టాలి. సిగ్నల్ బాగోకపోతే అది ఇరుక్కున్నట్టే. అందుకే ముందు చిన్న ప్లాన్‌తో చూసుకోవడం నయం.

కంపెనీ మారేటప్పుడు పాత లైన్‌ని ముందే క్యాన్సిల్ చేయొద్దు, నంబర్ పోతుంది. పాత కంపెనీ నుంచి ట్రాన్స్‌ఫర్ పిన్ తీసుకుని కొత్త కంపెనీకి ఇవ్వాలి. నంబర్ మారగానే పాత లైన్ దానంతటదే ఆగిపోతుంది. ఫోన్ బాకీ ఏమైనా ఉంటే చివరి బిల్లులో వస్తుంది.