శస్త్రము నెఱిగిన సహాధ్యాయి

విశాఖపట్టణమున 1923లో నెలకొన్న ఆంధ్ర వైద్యకళాశాల పూర్వవిద్యార్థులు అమెరికాలో కూడుకొను ఉత్సవములలో ఏటేట ముందువరుసలో కనిపించు మా సహాధ్యాయి, శస్త్రవైద్యుడు, ఈ యేడు లేడు. సంఘమువారు ఆయననుగూర్చి వ్రాయుమనినపుడు, పదవులను ఏకరువు పెట్టుటకంటె ఆయన చేతిని గూర్చి చెప్పుటయే న్యాయమని నాకు తోచినది.

డిసెక్షన్ హాలులో మే మిద్దఱము ఒకే బల్లయొద్ద, కన్నింగ్‌హాం గ్రంథమును నడుమ నుంచుకొని, ఫార్మలిన్ ఘాటునకు కన్నులు నీరుగాఱుచుండ, ఒక్క భుజమునందలి నాడులను వెదకుచు మధ్యాహ్నములు గడపెడివారము. నేను త్వరపడి కత్తి దింపుచోట ఆయన ఫోర్సెప్సు మొనతో పొర వెంబడి పొరను విడదీయుచు, సన్నని నాడి తెగక బయటపడువఱకు నోరు మెదపెడివాడు కాడు. రాత్రులందు హాస్టలులో మంచపుకోటికి నల్లని సిల్కుదారము కట్టి, కన్నులు మూసికొని ఒంటిచేత ముడులు వేయుచు, బెయిలీ–లవ్ గ్రంథమును మాచేత చదివించుకొని వినుచుండెడివాడు.

మేము కింగ్ జార్జి ఆసుపత్రిలో హౌస్ సర్జనులముగా నున్న 1960ల నాట, డుయోడినల్ అల్సరుతో ఏండ్లతరబడి కుమిలిన రైతులును కూలీలును శ్రీకాకుళము, విజయనగరము వైపులనుండి వచ్చి వార్డులు నింపెడివారు. వేగస్ నాడిని ఖండించి, జీర్ణకోశమును చిన్నప్రేగునకు కలిపి కుట్టుటయే నాడు శరణ్యము. అమెరికాలో రెసిడెన్సీ ముగించిన పిదప ఆయనకు పేరు దెచ్చినదియు నా శస్త్రచికిత్సయే. అట్టి వ్రణములలో పెక్కింటికి హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవి కారణమని 1980లలో వారెన్, మార్షల్‌లు కనుగొనగా, రెండువారముల మాత్రలు ఆ కత్తిపనిని చాలవఱకు తొలగించినవి. యౌవనమంతయు ధారవోసి సాధించిన నేర్పు అక్కఱకు రాకపోవుచుండ సంతోషించిన శస్త్రవైద్యుని నే నాయనను తప్ప మఱొకని నెఱుగను. "మన వార్డులో వాళ్లకి ఈ మాత్రలే అందివుంటేనా!" అని ఫోనులో అనుచుండగా ఆయన గొంతు పూడుకొనినది.

1990 ప్రాంతమున లాపరోస్కోపు వ్యాపింపగా, ఏబదియేండ్లకు చేరువలో, తనకంటె ఎంతయో చిన్నవారి ప్రక్క నిలిచి, తెరను చూచుచు చేతులు నడపు విద్యను మొదటినుండి అభ్యసించెను.

అటుపిమ్మట నా పిత్తాశయమున రాళ్లు బయటపడినపుడు, దగ్గఱి వైద్యులను కాదని, రెండు రాష్ట్రములు దాటి ఆయనకడకే పోయితిని. ఫిల్మును వెలుగున కెత్తి చూచి, నా ప్రక్కటెముకల క్రింద వ్రేళ్లానించి నొక్కి, "రాళ్లున్నాయి సరే, నొప్పెప్పుడూ రాలేదు కదరా? దాని జోలికి పోవద్దు. పద, భోంచేసి వెళ్దువుగాని" అని ఇంటికి తోడ్కొనిపోయెను. ఆ రాళ్లట్లే యున్నవి. వానివలన నాకు నేటివఱకు బాధ కలుగలేదు.