ఊరి నడుమ చిన్న హోటలు

హోటలు అను మాటకు మన నాట రెండర్థములు కలవు. ఆకలిగొన్నవానికి అది ఇడ్డెనలు, కాఫీ దొరకు చోటు. పెట్టె చేతబట్టుకొని రైలు దిగినవానికి అది తలదాచుకొను గది. ఈ రెండవదానినే లాడ్జి అనియు అనుచున్నాము. ఈ పేర్లు రాకపూర్వము మనకు పూటకూళ్ళ యిండ్లుండెడివి. ఓరుగంటి వీథులను వర్ణించిన క్రీడాభిరామములో అట్టి యిల్లొకటి కానవచ్చును. గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను ఎరుగని విద్యార్థి యుండడు. హైదరాబాదులో నాంపల్లి స్టేషను చెంత 1919లో వెలసిన సరాయి బాటసారులకు నీడనిచ్చినది. ఆ చోట్లకు వసతులు తక్కువయైనను, ముఖకళ యుండెడిది. ఒకసారి దిగినవాడు దానిని మరియొకదానిగా భ్రమపడడు. నేటి నగరములలోని చిన్న హోటళ్ళకు కొరవడినది ఆ ముఖకళయే.

చిక్కడపల్లిలో పెద్ద బాటనుండి సందులోనికి తిరుగు చోట ఇరువది గదుల హోటలొకటి ఉన్నదని ఊహింతము. 1956లో రాజధాని కర్నూలునుండి హైదరాబాదునకు మారిన పిమ్మట, ఉద్యోగములకును చదువులకును వచ్చినవారితో ఈ పేటలు నిండుచున్న కాలమున కట్టినది. గోడలు మందము. తలుపులు టేకువి. కిటికీలపై గాలిగూళ్ళు కలవు. ఇపుడు పైకప్పు ఉరియుచున్నది, గోడలు పెచ్చులూడుచున్నవి, అతిథులు తగ్గుచున్నారు. యజమాని దానిని బాగుచేయ దలచినాడు.

అతనికి నలుగురును చెప్పు సలహా ఒక్కటే. ముంగిట అద్దములు బిగింపుము, గదులలో ఫాల్సు సీలింగు వేయింపుము, నేలపై మెరుగు టైల్సు పరపింపుము. కాని వైశాఖపు టెండలో పడమటి అద్దము గదిని కొలిమి చేయును. ఫాల్సు సీలింగు గాలిగూళ్ళను మూసివేయును. అన్నియు ముగిసిన తరువాత అతిథి తాను హైదరాబాదులో ఉన్నాడో, సూరతులో ఉన్నాడో చెప్పజాలడు. ముఖకళ కావలెనని బయలుదేరి, ఉన్న ముఖమును చెరపుకొనుట యనగా ఇదియే.

కావున మొదట చేయవలసినది క్రొత్తది చేర్చుట కాదు, ఉన్నదానిని చూచుట. గోడలతో ఆరంభింతము. సున్నపురాయిని బట్టీలో కాల్చినపుడు అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. మిగిలిన సున్నమును నీటితో విరియించి, ఇసుకతో గానుగలో నూరి గోడకు పూసినచో, అది గాలిలోని ఆ వాయువునే మరల మెల్లమెల్లగా గ్రహించి రాయివలె గట్టిపడును. బెల్లపు నీరును కరక్కాయ నీరును కలుపుట మన మేస్త్రీల వాడుక. ఇట్టి గోడ చెమ్మను పీల్చి, తిరిగి గాలికి విడిచివేయును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మకు దారి మూతపడును, ఉప్పు పొంగును, రంగు పొరలుపొరలుగా రాలును. ఏటేట రంగులు వేయించి విసిగిన యజమాని, తెగులు రంగులో గాక పూతలో ఉన్నదని గ్రహింపవలెను. సిమెంటు పూతను గీకించి సున్నపు పూత పెట్టించుట ఖర్చు కాదనను. కాని అది ఏటేట తిరిగి వచ్చు ఖర్చు కాదు.

నేల సంగతియు అంతే. పాత గదులలోని మొజాయిక్ నేలను రాతితో సానబట్టినచో అందలి రంగురాళ్ళు మరల మెరయును. నడవలోని షాబాదు బండలను తీసివేయ నక్కరలేదు. వాటికి పేరిచ్చిన ఊరు పూర్వము హైదరాబాదు సంస్థానములోనిది. నేడు కర్ణాటకములో ఉన్నది. బండల నడుమ సందులను శుభ్రపరచి నింపిన చాలును. అశోకనగరు వైపు హోటళ్ళకు ఈ బండ మరియు అవసరము. హుస్సేనుసాగరు మిగులు నీటి నాలా ఆ పేట ప్రక్కగా పోవుచున్నది. 2000 ఆగస్టులో ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురియగా, నాలా ఒడ్డు పేటలలో ఇండ్లు నీట మునిగినవి. అట్టిచోట క్రింది అంతస్తులో చెక్క నేలలు, అంటించిన తివాచీలు పనికిరావు. విద్యుత్తు ప్లగ్గులు సైతము నడుమెత్తున ఉండవలెను.

ముఖకళలో సగము గోడలది. తక్కిన సగము ఇరుగుపొరుగుది. అశోకనగరున పోటీ పరీక్షలకు చదువు యువకులు వేలకొలది. అచ్చటికి దగ్గరనే నగర కేంద్ర గ్రంథాలయము. ఆ దారిన వచ్చు అతిథికి గోడనిండు టెలివిజను కంటె వెడల్పైన బల్లయు, నిటారు కుర్చీయు, కంటికి హాయియగు దీపమును ముఖ్యము. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ కలదు. కచేరీకి వచ్చిన గాయకునకు తంబుర ఆనించుటకొక మూలయు, ప్రొద్దుపోయి తిరిగివచ్చినను వేడి అన్నమును కావలెను. నారాయణగూడ చదువుల పేట. తెలుగు బాలికల చదువునకై 1928లో ఆరంభమైన పాఠశాల మాడపాటి హనుమంతరావుగారి పేరిట అచ్చట నున్నది. 1940లో పుట్టిన కేశవ స్మారక విద్యాసంస్థయు అచ్చటిదే. ఉపాధ్యాయులు వచ్చి పోవు ఈ పేటలలో, హోటలు ముందు గదిలో ఒక బీరువాడు తెలుగు పుస్తకములుండుట అలంకారము కాదు, మర్యాద.

2020 ఫిబ్రవరి 7న ఈ దారిన మెట్రోరైలు వచ్చినది. జూబిలీ బస్సు స్టేషనునుండి మహాత్మాగాంధీ బస్సు స్టేషనునకు పోవు ఆ మార్గములో చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషనులు కలవు. చిన్న హోటలునకు ఇది వరము, దానితోపాటు రొద. బాటవైపు కిటికీలకు రెండు పొరల అద్దము పెట్టించి, నిదుర తేలికగా చెడువారికి సందువైపు గది ఇచ్చుట యజమాని తెలివి.

ఇక అలంకారము. నిర్మల కొయ్యబొమ్మలు, చేర్యాల పటములు, పోచంపల్లి వస్త్రములు అన్నియు తెచ్చి ఒక్క గదిలో కుప్పవేసినచో అది అంగడియగును గాని ఇల్లు కాదు. ప్రతిదానికి ఒక పని ఉండవలెను. నేయుటకు ముందే నూలును కట్టి, రంగులద్ది నేసిన పోచంపల్లి బట్ట మంచముపై దుప్పటిగా నుండుగాక. ఊరూర కథ చెప్పువారికై చేర్యాల నకాషీలు వ్రాయు నిలువు పటము మెట్ల ప్రక్క గోడపై నుండుగాక. మెట్టుమెట్టుకు కథ సాగును. ఇత్తడి అంకెల తాళపుచెవుల పలకను, తెలుగు అక్షరముల చేతివ్రాత బోర్డును పారవేయవలదు. వాటిని ఏ దుకాణమును అమ్మజాలదు.

ఇది మన ఒక్క ఊరి చింత కాదు. పెద్ద కంపెనీల హోటళ్ళు ఊరూర ఒకే అచ్చున గదులు కట్టుచుండగా, 1984లో న్యూయార్కులో మోర్గన్సు అను హోటలు పాత కట్టడములోనే తన తీరును తాను చూపి పేరు గాంచినది. మన నగరముననే ఫలక్‌నుమా సౌధము ఏండ్ల తరబడి మరమ్మతు పొంది, 2010లో హోటలుగా తలుపులు తెరచినది. కాని ఈ పేరుగాంచిన వానిలో సామాన్యుడు బస చేయజాలడు. చిన్న హోటలునకు అసలు పరీక్ష ఇచ్చటనే ఉన్నది.

బాగుచేసిన మరునాడు గది అద్దె రెండింతలు చేసి, ఇన్నాళ్ళును వచ్చిన జిల్లా ఉపాధ్యాయుని గడప తొక్కనీయనిచో, ఆ ముఖకళ ఎవరి కొరకు? సున్నపు గోడయు పోచంపల్లి దుప్పటియు అప్పుడు వెల పెంచుటకు వేసిన వేషమే యగును. పెట్టిన పెట్టుబడి తిరిగి రావలెననుట న్యాయమే. పై అంతస్తు గదుల అద్దె పెంచుకొనవచ్చును. క్రింది నాలుగైదు గదులనైనను పాత అతిథుల కందుబాటులో నిలుపుట యజమాని ధర్మము, లాభము కూడ. ఖాళీ రోజులలో హోటలును నిలబెట్టునది వారే.

ఒక తెల్లవారుజామున అచ్చంపేట బస్సులో ఒక తండ్రియు కూతురును మహాత్మాగాంధీ స్టేషనున దిగుదురు. ఆమెకు మరునాడు పరీక్ష. మొదటి మెట్రోలో చిక్కడపల్లి చేరి, సందు తిరిగి, తెలుగు బోర్డు చదువుకొని లోనికి వత్తురు. గుమాస్తా ఇత్తడి అంకె తాళపుచెవి నిచ్చి, "బల్ల యున్న గది, అమ్మా, సందువైపుది. చప్పుడుండదు" అనును. తండ్రి అద్దె అడిగి, విని, ఊపిరి పీల్చుకొని పెట్టె ఎత్తుకొనును. ఆ క్షణమున ఆ హోటలునకు ముఖకళ వచ్చినది.