విద్యుత్తుచే భూమిలోని పొరల నెఱుంగు విధము
బావి త్రవ్వించు రైతులకు సూచనలు

రైతులారా! నల్లగొండ, మహబూబునగరము, వరంగల్లు ప్రాంతముల మెట్టభూములలో ననేకము గ్రానైటు రాతిపై నేర్పడినవి. ఇట్టి నేలలో నీరు అంతట నొక్క మట్టమున నిండియుండదు. పైన మన్నును, దాని క్రింద రాయి శిథిలమై యేర్పడిన మొరమును, అటుపిమ్మట పగుళ్లుగల రాయియు, అడుగున గట్టి బండయు నుండును. నీరు ముఖ్యముగా మొరములోను, పగుళ్లలోను నిలుచును. ఒక పొలమున పది మీటర్ల మందముగల మొరము ప్రక్క పొలమున రెండు మీటర్లకే ముగియవచ్చును. బోరు ఎండిపోయిన యెడల రైతునకు మిగులునది అప్పు మాత్రమే. కావున త్రవ్వకమునకు పూర్వమే పొరల నెఱుంగుట లాభకరము.

కొలుచు విధము

ఫ్రాన్సు దేశీయుడగు కాన్రాడ్ ష్లుంబర్జరు 1912వ సంవత్సరమున నిట్టి క్షేత్రప్రయోగములు చేసెను. 1915లో అమెరికా దేశమున ఫ్రాంక్ వెన్నరు నాలుగు మేకుల పద్ధతిని ప్రకటించెను. నేలలో నాలుగు లోహపు మేకులను ఒకే వరుసలో నాటుదురు. వెలుపలి రెండు మేకులద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెండింటి నడుమ వోల్టేజిని కొలుతురు. వోల్టేజిని ప్రవాహముచే భాగింపగా ఓములు వచ్చును. వెన్నరు పద్ధతిలో మేకుల నడిమి దూరము 10 మీటర్లును, వచ్చిన ఫలము 1.2 ఓములును అయినచో, 2 × 3.14 × 10 × 1.2, అనగా సుమారు 75 ఓమ్-మీటర్లు అచ్చటి నిరోధకత. మేకుల దూరము పెంచినకొలది విద్యుత్తు మఱింత లోతునకు వ్యాపించును. ఇట్లు దూరము పెంచుచు కొలిచిన అంకెలను కాగితముపై గుర్తించిన నొక వక్రరేఖ యేర్పడును.

జిగటమన్నును, ఉప్పునీటితో తడిసిన నేలయు విద్యుత్తును సులభముగా పోనిచ్చును గనుక వాని నిరోధకత తక్కువ. తడి మొరము నిరోధకత సాధారణముగా కొన్ని పదులు మొదలు ఒకటి రెండు వందలవఱకు నుండును. పగులులేని గ్రానైటు నిరోధకత వేయి దాటును.

పొరల నమూనా

వక్రరేఖ తనంతట పొరలను చూపదు. సర్వే చేయువారు మొదట ఇన్ని పొరలు, ఇంత మందము, ఇంత నిరోధకత అని యూహింతురు. అట్టి పొరలున్నచో రేఖ యెట్లుండవలెనో కంప్యూటరు లెక్కించును. ఆ రేఖ పొలములో కొలిచినదానితో సరిపడువఱకు ఊహను సవరింతురు. ఇదియే నమూనా.

ఇచ్చట రైతు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఒకే రేఖకు ఒకటికంటె నెక్కువ నమూనాలు సరిపడవచ్చును. పైన 4 మీటర్ల పొడిచెలక, అడుగున గట్టి బండ యున్నవనుకొనుడు. వాని నడుమ 20 ఓమ్-మీటర్ల పొర 4 మీటర్లున్నను, 30 ఓమ్-మీటర్ల పొర 6 మీటర్లున్నను, రేఖ దాదాపు ఒక్కటే. ఏలయన మందమును నిరోధకతచే భాగింపగా రెండింటను 0.2 వచ్చును. మొదటిది నీరియ్యని జిగటమన్ను కావచ్చును. రెండవది నీరుగల మొరము కావచ్చును. ఏది నిజమో రేఖ చెప్పజాలదు. దగ్గఱి బావి చెప్పగలదు.

చేయవలసిన పనులు

1. మొదట మీ పొలమునకు సమీపమున, పొరలు కంటికి కనబడు బావియొద్ద కొలిపింపుడు. అచ్చటి మొరము నిరోధకత తెలిసినచో మీ పొలములోని మందము తేలును.

2. మేకుల వరుస ఇనుపగొట్టములకును, తీగకంచెలకును, విద్యుత్తు తీగలకును దూరముగా నుండవలెను. నేల పొడిగా నున్నచో మేకులకడ నీరు పోయవలెను.

3. ఒకేచోట రెండు వరుసలను అడ్డముగా వేయింపుడు. రెండు ఫలములు మిక్కిలి భిన్నమైనచో పొరలు చదునుగా లేవని తెలియును. అప్పుడు పెక్కు మేకులను నాటి నిలువుకోతవంటి పటము తీయించుట మేలు.

4. మొరము మందమునకు ఒక్క అంకెతో తృప్తిపడక, తక్కువలో తక్కువ యెంత, ఎక్కువలో నెక్కువ యెంత యని యడుగుడు. తక్కువ అంకె నిజమైనను బావి గిట్టుబాటగునేని త్రవ్వింపుడు.

5. త్రవ్వునపుడు మీటరు మీటరునకు వచ్చిన మట్టిని, రాతిపొడిని వ్రాసి యుంచుడు. ఆ వ్రాత పొరుగురైతు సర్వేకు మిక్కిలి తోడ్పడును.

ఈ సర్వే మొరము మందమును, గట్టి బండ లోతును తెలుపుటలో నమ్మదగినది. 60 మీటర్ల లోతున నున్న సన్నని పగులు సాధారణముగా రేఖలో కానరాదు. నీటి పరిమాణమును ఇది తెలుపదు. కావున లోతుబోరునకు దీనినొక్కదానినే నమ్మి అప్పు చేయరాదు. సర్వే ఫలమును, దగ్గఱి బావుల యనుభవమును కలిపి చూచి నిర్ణయించు రైతునకు నష్టము తగ్గును.