బాదకండి... ఆడండి!

పొద్దున ఆరుగంటలు. మదనపల్లెలో చల్లగాలి. రాకెట్‌తో కోర్టులో దిగిన నలభై అయిదేళ్ల నాన్నకి ఎదురుగా ఇంజినీరింగ్ చదివే కొడుకు. నాన్న బలమంతా కూడగట్టి మొదటి బంతిని బాదుతాడు. అది వెళ్లి కంచెకు తగులుతుంది. రెండోది నెట్‌కి. అరగంటలో 6-1! ఇంటికెళ్లాక ఇడ్లీకన్నా ముందు వడ్డించేది ఆ స్కోరే. మోకాలు నిమురుకుంటూ 'ఇక మనవల్ల కాదులే' అని రాకెట్‌ని అటకెక్కించేదీ ఆరోజే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఊరేదైనా సరదాగా ఆడేవారికి ఎదురయ్యే సంగతే ఇది. నిజానికి ఓడించింది కొడుకు వయసు కాదు, నాన్న తొందర!

తప్పులే ప్రత్యర్థి

అమెరికా ఇంజినీరు సైమన్ రామో 1970ల్లోనే ఈ గుట్టు విప్పాడు. మేటి ఆటగాళ్ల మధ్య 80 శాతం పాయింట్లు గెలుచుకున్నవైతే, మనలాంటి వాళ్ల ఆటలో 80 శాతం పోగొట్టుకున్నవేనట. అంటే అద్భుతాలు అక్కర్లేదు, బంతిని మరొక్కసారి అవతలికి పంపితే చాలు.

ఎటు పంపాలో కోర్టే చెబుతుంది. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు, మధ్యలో మూడే. సింగిల్స్ కోర్టు పొడవు 78 అడుగులు, మూల నుంచి మూలకి దాదాపు 82న్నర. ఐమూలగా కొడితే నెట్ తక్కువ, చోటు ఎక్కువ. అనుమానం వస్తే అటే కొట్టండి.

ఈ మూడు ఊళ్లూ సముద్రమట్టానికి 2 వేల అడుగులకు పైనే. గాలి కాస్త పల్చన కాబట్టి చెన్నైలోకన్నా బంతి ఓ రవ్వ ముందుకు పోతుంది. అందుకే గీతకి మూడడుగులు ఇవతలే గురిపెట్టండి. మొదటి సర్వీసుకి ముప్పావు బలం చాలు. రెండు సర్వీసులూ తప్పితే పాయింటు దానమిచ్చినట్టే.

ఇద్దరైతే మేలు

మోకాళ్లు మొరాయిస్తుంటే డబుల్స్ ఆడండి. పరుగు సగమవుతుంది. బంతిని ప్రత్యర్థులిద్దరి మధ్యకి కొట్టండి. 'నువ్వు కొడతావనుకున్నా' అని వాళ్లు మొహాలు చూసుకునేలోగా పాయింటు మీది! నెట్ దగ్గరికి ఉరికొచ్చే కుర్రాడి తలమీదుగా మెత్తగా ఓ లాబ్ వేయండి. వెనక్కి పరిగెత్తేది అతనే.

పనులు పంచుకోవడం సానియా మీర్జా జోడీని చూసి నేర్చుకోవాలి. వెనకనుంచి సానియా ఫోర్‌హ్యాండ్, నెట్ దగ్గర మార్టినా హింగిస్ చురుకుదనం... 2015లో వింబుల్డన్ వాళ్లదైంది. ఇక వయసంటారా? మన పొరుగున కొడగులో పెరిగిన రోహన్ బోపన్న 2024లో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచింది 43 ఏళ్లకి!

కాబట్టి అటకమీది రాకెట్ దించండి. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని దిగండి. వచ్చే ఆదివారమే గెలవకపోవచ్చు. కానీ 6-1 కాస్తా 6-4 అయిననాడు 'ఇంకో సెట్ ఆడదామా నాయనా' అని కొడుకే అడుగుతాడు. అంతకన్నా పెద్ద కప్పు ఏముంటుంది!