ఎముక పనిముట్టగుటకు ముందు

పసుపు కొమ్ములను ఎంతసేపు ఉడుకబెట్టవలెనో ఆర్మూరు రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. పాకము తక్కువైనను, మించినను సరకు చెడును. పశువుల ఎముకలతో దువ్వెనలు, గుండీలు, కత్తిపిడులు చేయదలచు వారికిని ఇదే సూత్రము. ఈ పని మనకు క్రొత్త కాదు. బేతంచర్ల సమీపమున బిల్లసర్గం గుహలలో 1884 ప్రాంతమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ త్రవ్వకములు జరుపగా పూర్వులు చేసిన ఎముక పనిముట్లు లభించినవి.

ఎముకలో ఖనిజము గట్టిదనమును, జిగురు పదార్థము బిగువును ఇచ్చును. తీవ్రముగ మరిగించినచో జిగురు కరిగి ఎముక పెళుసగును. కావున పొడవైన కాలి ఎముకల కొనలను కోసి, మూలుగను తీసి, నీటిలో నాన్చి, మాంసమును గీకివేయవలెను. పిదప కొద్దిపాటి బట్టల సోడా కలిపిన నీటిలో సన్నని సెగపై కాచి, తేలిన కొవ్వును తీయుచుండవలెను. కొవ్వు మిగిలినచో వస్తువు పచ్చబారి కంపుకొట్టును. ఎండలో పగులును గనుక నీడలోనే ఆరబెట్టవలెను. ఎముక ధూళి ఊపిరితిత్తులకు హానికరము. తడిపి కోయుచు, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. హఠాత్తుగ చచ్చి, ముక్కునుండి, నోటినుండి నల్లని రక్తము కారిన పశువునకు దొమ్మరోగము సోకియుండవచ్చును. దానిని కోయరాదు, చర్మమును, ఎముకలను తీయరాదు. ఆ రోగబీజములు నేలలో దశాబ్దములు జీవించును, మనుష్యులకును సోకును. వెంటనే పశువైద్యునకు తెలిపి, ఆయన సూచించిన రీతిని కళేబరమును తొలగింపవలెను.

బావులకు, చెరువులకు దూరముగ ఇందులకొక స్థలమును కేటాయించుట పంచాయతీ సభ్యుల కర్తవ్యమని మా మనవి.